ఈ నత్తకి పేరుందా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల మాటవరసకి నాలుగు లైన్లు రాశాను: హిందూ మహాసముద్రం అడుగున ఇనప పొలుసులున్న నత్త ఒకటి ఉందని, దాన్ని మనుషులు చూసిన 14 ఏళ్లకి గానీ పేరు పెట్టలేదని. దానికి వచ్చినన్ని ఉత్తరాలు, మెసేజ్‌లు షుగర్ గురించి రాసినప్పుడు కూడా రాలేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం నత్తలకే. మిగతా ప్రశ్నలు పంపినవాళ్లు ఏమీ అనుకోకండి, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: మా బాబాయి మరబోటు మీద వేటకి వెళ్తాడు. మొన్న రెండొందల బారల లోతులో వల లాగితే రొయ్యలతోపాటు ఒక శంఖం వచ్చింది. నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది, సన్నగా గోపురంలా ఉంది, నోటి పై అంచున చిన్న గాటు ఉంది. లోపల నత్త కూడా ఉంది. ఫోన్‌లో యాప్‌కి ఫొటో చూపిస్తే ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు చెబుతోంది. ఇది కొత్త జాతి అయ్యుంటుందా? (ఇంటర్ విద్యార్థి, కాకినాడ)

ముందు ఒక పని చెయ్యి బాబూ, కబుర్లు తర్వాత. ఆ శంఖాన్ని ఉడకబెట్టకు. షోకేసులో పెట్టుకుందామని లోపలి నత్తని పీకి పారేసేవాళ్లే ఎక్కువ, నీ విషయంలో అసలు సరుకు అదే. డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో పడెయ్. మీ దగ్గర్లో ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా 95 శాతం పైన ఉన్న ఇథనాల్ దొరికితే అందులో వెయ్యి. ఫార్మలిన్ మాత్రం వద్దు, అందులో డీఎన్‌ఏ పాడవుతుంది, పైగా పాతబడ్డ ఫార్మలిన్‌కి పులుపెక్కి పెంకునే తినేస్తుంది.

రెండోది, బాబాయిని కూర్చోబెట్టి అడుగు: ఏ తారీకున, ఒడ్డు నుంచి ఎంత దూరంలో, ఎన్ని బారల లోతులో, బోటులో జీపీఎస్ ఉంటే అది ఏం చూపించింది. రెండొందల బారలంటే సుమారు 365 మీటర్లు, అది నిజంగా ఆ లోతులో లాగిన వలలోదేనా, లేక మధ్యలో ఇంకోచోట వేసిన వలలోదా అని కూడా తేల్చుకో. ఇదంతా చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి, ఆ కాగితాన్ని సీసా లోపలే నత్తతోపాటు వెయ్యి. పెన్ను వద్దు, స్పిరిట్‌లో సిరా కరిగిపోతుంది. సీసా మీద అంటించిన లేబుల్ ఊడిపోతుంది. నేను జువాలజీ చెప్పిన ఒక కాలేజీలో మ్యూజియం గదినిండా సీసాలే, వాటిలో ఒకదాని మీద "శంఖము, సముద్రము" అని మాత్రమే ఉండేది. ఏ సముద్రమో, ఎప్పుడో, ఎవరు తెచ్చారో తెలీదు. ఎంత అందంగా ఉన్నా అది సైన్సుకి పనికిరాదు, దుమ్ము తుడవడానికి తప్ప.

ఇక నీ శంఖం సంగతి. నోటి పై అంచున గాటు, సన్నని గోపురం అన్నావు కాబట్టి ట్యూరిడ్‌లు అని మేము పిలిచే పెద్ద బలగంలోది అయ్యుండొచ్చు. విషపు ముల్లు ఉండే కోన్ నత్తలకి ఇవి దగ్గరి చుట్టాలు. లోతు నీటిలో వీటి రకాలు లెక్కలేనన్ని, పైకి చూస్తే చాలా మటుకు ఒకేలా ఉంటాయి. ఆ మధ్య డీఎన్‌ఏ చూసి, ఒకే కుటుంబం అనుకున్నదాన్ని అనేక కుటుంబాలుగా విడగొట్టాల్సి వచ్చింది. పెద్దవాళ్లే తడబడేచోట నీ యాప్ తడబడటంలో వింత లేదు, అది ఎప్పుడూ చూడని శంఖాన్ని చూపించినా తనకి తెలిసిన పేర్లలోంచి ఒకటి ఏరి ఇస్తుంది గానీ "నాకు తెలీదు" అనడం దానికి చేతకాదు.

కొత్త జాతేనా అంటే, కావచ్చు, కానీ ముందే ఆశ పెట్టుకోకు. మన బంగాళాఖాతం ఎవరూ వెతకని సముద్రమేం కాదు. 1880ల నుంచే ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ బంగాళాఖాతం, అరేబియా సముద్రాల అడుగుని గోకి తీసింది, అందులో దొరికిన నత్తల్ని లండన్‌లో ఎడ్గార్ స్మిత్ అనే ఆయన వర్ణించి పేర్లు పెట్టాడు. మన సముద్రం పేరుతోనే కోనస్ బెంగాలెన్సిస్ అని ఒక శంఖం ఉంది, దానికి 1968లో జపాన్ శాస్త్రవేత్త తకాషి ఒకుతాని పేరు పెట్టాడు. ఎవరో ఎప్పుడో పాత పత్రికలో ఫ్రెంచిలోనో లాటిన్‌లోనో నాలుగు లైన్లు రాసి నీ శంఖానికి పేరు పెట్టేసి ఉండొచ్చు. అది చూసుకోకుండా ఇంకో పేరు పెడితే పాత పేరే నిలుస్తుంది, నీది చిత్తుకాగితం. జంతువుల పేర్ల లెక్క 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పుస్తకంతో మొదలవుతుంది, అక్కడి నుంచి ఇవాళ్టి దాకా వెతకాలన్నమాట.

ఫొటోలు తీసి విశాఖలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రానికో, జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకో రాయి. ఫొటో తీసేటప్పుడు శంఖం నోరు నీవైపు ఉండాలి, పక్కన స్కేలు ఉండాలి, కొసన ఉండే చిట్టి చుట్టల్ని దగ్గర నుంచి విడిగా తియ్యి. ఇంకోమాట, కొన్ని శంఖాలు వన్యప్రాణి చట్టం జాబితాలో ఉన్నాయి, ఏదో తెలిసేదాకా అమ్మడం, కొరియర్‌లో పంపడం లాంటివి పెట్టుకోకు.

ప్రశ్న: శంఖం చూస్తే నత్త ఏదో తెలిసిపోదా సార్? మాకు రికార్డులో పెంకు బొమ్మ వేసి పేరు రాయమంటారు. కొత్త జాతిని వర్ణించాలంటే ఇంకేం చూస్తారు? (బీఎస్సీ రెండో సంవత్సరం, భీమవరం)

నీ రికార్డుకి పెంకు చాలు. కానీ సముద్రం అడుగున పెంకు రెండు రకాలుగా మోసం చేస్తుంది, రెండింటికీ మంచి ఉదాహరణలున్నాయి.

సముద్రపు అడుగున వేడినీటి బుగ్గల దగ్గర బతికే ఆల్వినికోంకా అనే నత్తలున్నాయి. పెంకు మీద నూగులాంటి ముళ్లుంటాయి. 1988లో ఒకదానికి, ఆల్వినికోంకా హెస్లెరి అని పేరు పెట్టారు (పెట్టినవాళ్లలో ఒకరు పైన చెప్పిన ఒకుతానియే). తర్వాత వేరే చోట్ల దొరికినవి కూడా పైకి అచ్చం అలాగే ఉన్నాయి. డీఎన్‌ఏ చూస్తే ఒకటి కాదు, ఆరు జాతులు తేలాయి! మన హిందూ మహాసముద్రంలోది అందులో ఒకటి.

ఇనప పొలుసుల నత్త కథ దీనికి తిరగేసి ఉంటుంది. 2001లో మొదట చూసింది నల్లగా ఉంది. 2009లో ఇంకోచోట దొరికింది తెల్లగా ఉంది, ఇనుము పూతే లేదు. మనలాంటివాళ్లం చూస్తే రెండు జాతులు అని చెప్పేసి టీ తాగడానికి వెళ్లిపోతాం. లోపలి నిర్మాణం, జన్యువులు చూస్తే రెండూ ఒకటే జాతి. ఆ తెల్లదాని బుగ్గ నీటిలో ఇనుము తక్కువ, అంతే తేడా. పొలుసులు నత్త శరీరం నుంచి వచ్చే గంధకంతో, చుట్టూ నీటిలోని ఇనుము కలిసి నల్లబడతాయి, నీటిలో ఇనుము లేకపోతే తెల్లగానే ఉండిపోతాయి.

అందుకని పెంకుతోపాటు చాలా చూడాలి. పెంకు కొసన ఉండే మొదటి చుట్టలు నత్త పిల్లగా ఉన్నప్పటివి. వాటి సైజు, చుట్టల సంఖ్య చూస్తే ఆ పిల్ల నీటిలో ఈదుతూ మేత తిని పెరిగిందా, గుడ్డులోని సొనతోనే గడిపిందా అని చాలా వరకు చెప్పొచ్చు. పాత పెంకుల్లో ఆ కొస అరిగిపోయి ఉంటుంది, అందుకే పిల్ల నత్తలు దొరికితే పండగ. నోటికి అడ్డంగా పెట్టుకునే మూత ఉందా, ఎలా ఉంది చూస్తారు. నోట్లో రాడ్యులా అని ఆకురాయిలాంటి పళ్ల పట్టీ ఉంటుంది, దాన్ని తీసి, కండ కరిగించి కడిగి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఒక్కో వరసలో పళ్లు ఎన్ని, ఏ ఆకారంలో ఉన్నాయో లెక్కపెడతారు. కొన్ని నత్తల్లో ఆ పట్టీ మన గోరంత కూడా ఉండదు, చెయ్యి వణికితే పోయినట్టే. తర్వాత గుండె, మొప్ప, పేగు, జననాంగాలు. ఇప్పుడు కొయ్యకుండానే ఎక్స్‌రే స్కాన్‌తో లోపలి అవయవాల త్రీడీ బొమ్మ తయారు చేస్తున్నారు. పొలుసుల నత్త లోపల చూస్తే గుండె ఒళ్లంతటిలో 4 శాతం ఉందట, మనిషి గుండె ఒకటింపావు శాతం పైన ఎంతో ఉండదు. ఎందుకంత గుండె అంటే, అది మేత వెతుక్కోదు, అన్నవాహిక దగ్గర ఉబ్బిన గ్రంథిలో బాక్టీరియాని పెంచుకుంటుంది, వాటికి ఆక్సిజన్ అందించాలి, ఆ నీటిలోనేమో ఆక్సిజన్ తక్కువ.

ఇవన్నీ అయ్యాక అసలు రాత మొదలవుతుంది. "ఇది అందంగా ఉంది, నల్లగా ఉంది" అంటే ఒప్పుకోరు. ఫలానా జాతికి దగ్గరగా ఉంది, కానీ ఫలానా, ఫలానా విషయాల్లో వేరు అని చెప్పి తీరాలి. చుట్టాలెవరో తెలియకపోతే ఈ మాట రాయలేం, నెలల తరబడి మ్యూజియంల చుట్టూ తిరిగేది దీనికే.

ప్రశ్న: 14 ఏళ్లు ఏం చేశారండీ మరి? సర్కారీ ఆఫీసు ఫైలా? (హనుమకొండ)

మీ బాధ అర్థమైంది, కానీ ఇందులో ఆఫీసు తప్పేమీ లేదు. ఆ నత్త దొరికింది మారిషస్‌కి చాలా తూర్పున, కైరేయి అనే బుగ్గల దగ్గర, 2,400 మీటర్ల లోతులో. ఆ బుగ్గల్ని జపాన్ వాళ్లు 2000లో కనుక్కున్నారు, 2001లో అమెరికా ఓడ వెళ్లి రోబో దింపితే కాలినిండా పొలుసులున్న నత్త బయటపడింది. 2003లో సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది, ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది, కానీ ఆ వ్యాసంలో పద్ధతి ప్రకారం పేరు, వర్ణన లేవు. అప్పటికే ఒక పేరు జనం నోళ్లలో పడి డేటాబేసుల్లోకి కూడా ఎక్కేసింది, వర్ణన లేకుండా తిరిగే అలాంటి పేరుని లాటిన్‌లో "బట్టల్లేని పేరు" అంటారు. చట్టప్రకారం అది పేరే కాదు.

2009లో సాలిటేర్ అనే ఇంకో బుగ్గల దగ్గర తెల్లవి దొరికాయి. 2011లో మడగాస్కర్‌కి దక్షిణంగా, లాంగ్‌చీ అనే చోట, బ్రిటన్ ఓడ రోబోతో బోలెడు నత్తల్ని తీసింది. చిన్నవీ పెద్దవీ కలిపి, కోసి చూడటానికి సరిపడా నత్తలు దొరికింది అప్పుడే. చివరికి 2015లో చోంగ్ చెన్, కాట్రిన్ లిన్సే, జొనాథన్ కోప్లే, అలెక్స్ రోజర్స్ కలిసి క్రైసోమాలన్ స్క్వామిఫెరమ్ అని పేరు పెట్టి వర్ణన ప్రచురించారు. జాతి ఒక్కటే కాదు, దానికోసం ప్రజాతినే (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుని) కొత్తగా పెట్టాల్సి వచ్చింది.

14 ఏళ్లంటే నిజానికి త్వరగా అయినట్టే లెక్క. 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు లెక్కేస్తే, ఒక కొత్త జాతి సీసాలోకి వెళ్లిన రోజు నుంచి పేరు వచ్చేదాకా సగటున 21 ఏళ్లు పడుతోందని తేలింది. ఓడ ఖర్చుకి డబ్బులిచ్చేవాళ్లు ఉంటారు, కూర్చుని నత్త పళ్లు లెక్కపెట్టేవాడికి జీతమిచ్చేవాళ్లే ఉండరు. నా క్లాసులో తెలివైన పిల్లలు నత్తలంటే ఇష్టపడి కూడా బయోటెక్‌కి వెళ్లిపోయారు, వాళ్లని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు.

ప్రశ్న: నాలుగు వైపుల నుంచి వీడియో తీస్తే సరిపోదా? పేరు పెట్టడానికి ఆ మూగజీవిని చంపాలా? (గృహిణి, తెనాలి)

ఈ ప్రశ్న నన్నూ ఇబ్బంది పెడుతుందమ్మా. కానీ జవాబు అవుననే చెప్పాలి, దాదాపు ఎప్పుడూ. పేరు అనేది గాలిలో ఉండదు, ఒక నమూనాకి కట్టేసి ఉంటుంది, గుంజకి గేదెని కట్టినట్టు. ఆ నమూనాని హోలోటైప్ అంటారు. 2000 నుంచి వచ్చే ప్రతి కొత్త జాతికీ అలాంటి నమూనా ఏదో స్పష్టంగా చెప్పాలన్నది నియమం, దాన్ని నంబరు వేసి మ్యూజియంలో దాస్తారు. ఆల్వినికోంకా గొడవలో ఏమైంది చూడండి, పైకి ఒకేలా ఉన్న ఆరింటిలో అసలు హెస్లెరి ఏదో తేల్చాలంటే 1988 నాటి నమూనా దగ్గరికే తిరిగి వెళ్లాలి. వీడియోలోంచి రాడ్యులా తియ్యలేం కదా.

దొరికేవి కూడా వందలేం కాదు. పసిఫిక్ సముద్రంలోని న్యూ కలెడోనియా దీవుల్లో ఒక్క తీరప్రాంతంలో 2,738 రకాల నత్తలు, ఆల్చిప్పల లాంటివి లెక్కతేలితే, అందులో ఐదో వంతు రకాలవి ఒక్కో నమూనా మాత్రమే దొరికింది. అది లోతులేని చోటు, లోతు సముద్రంలో అంతకంటే కష్టం. ఆ ఒక్కదాన్నే కోస్తే పెంకు పోతుంది, కొయ్యకపోతే లోపలేముందో తెలీదు, అలాంటి టెన్షన్ పడలేకే చాలామంది సీసాని మళ్లీ షెల్ఫ్‌లో పెట్టేస్తారు.

మనదేశంలో దొరికితే ఇంకో నియమం కూడా ఉంది. జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతిని కనుక్కున్నవాళ్లు ఎవరైనా ప్రభుత్వం గుర్తించిన సంస్థకి తెలియజేసి నమూనా అప్పగించాలి, జంతువులకైతే ముఖ్యంగా జువలాజికల్ సర్వే. కాకినాడ బాబు ఇది కూడా గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: నత్తకి మా నాయనమ్మ పేరు పెట్టొచ్చా? తెలుగు పేరు ఒప్పుకుంటారా? (ప్రవాసాంధ్ర పాఠకుడు, డల్లాస్)

భేషుగ్గా పెట్టొచ్చు. లాటిన్ అక్షరాల్లో రాయగలిగితే చాలు, మాట ఏ భాషదైనా పరవాలేదు. ఆడవాళ్ల పేరైతే చివర ఒక తోక, మగవాళ్లదైతే ఇంకో తోక తగిలిస్తారు. ఫ్రాన్స్‌లో నత్తల మీద పనిచేసిన ఫిలిప్ బుషే గౌరవార్థం ఆల్వినికోంకా బుషేటి అని ఉంది. అదే ప్రజాతిలో ఇంకోదానికి, ఒంటినిండా ముళ్లు చూసి, జో స్ట్రమ్మర్ అనే పంక్ పాటగాడి పేరు పెట్టారు. మీ నాయనమ్మగారు ఆ పక్కన కూర్చోవడానికి ఇష్టపడతారా లేదా అడిగి చూడండి. మీరే వర్ణన రాస్తే మీ పేరే మీరు పెట్టుకోవడం మాత్రం బాగోదు, నియమం అడ్డురాదు గానీ జనం నవ్వుతారు.

పొలుసుల నత్త పేరులో మొదటి మాట గ్రీకు, "బంగారు బొచ్చు" అని. దాని ఇనప పూతలో ఉన్న పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) బంగారంలా మెరుస్తుంది కాబట్టి. రెండోది లాటిన్, "పొలుసులు మోసేది" అని. నన్నడిగితే అలుగు నత్త అనేవాణ్ణి, మన అలుగు ఒళ్లంతా అలాంటి పొలుసులే కదా.

ప్రశ్న: పేరు పెట్టారు సరే, నత్తకి ఒరిగిందేంటి? (రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు)

ఒరిగింది, చిన్నదేం కాదు. అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల రెడ్ లిస్ట్‌లో పేరులేని జాతిని మామూలుగా చేర్చరు. పేరొచ్చాక 2019లో దీన్ని ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చారు. లోతు సముద్రపు గనుల తవ్వకం వల్ల ముప్పు అనే కారణంతో ఆ జాబితాలోకెక్కిన మొదటి జీవి ఇదే. అప్పటికి ఇది ఉన్నట్టు తెలిసినవి మూడే చోట్లు, అందులో రెండు ఖనిజాల కోసం వెతుక్కునే లైసెన్సులున్న ప్రాంతాల్లో ఉన్నాయి. తర్వాత బుగ్గల దగ్గర మాత్రమే బతికే 184 రకాల నత్తలు, చిప్పల్ని అలాగే చూస్తే 114 ప్రమాదంలో ఉన్నట్టు తేలింది.

ఈ విషయం మనకి దూరపుదేం కాదు. బుగ్గల చుట్టూ పేరుకునే సల్ఫైడ్ ఖనిజాల్లో రాగి, జింకు, బంగారం ఉంటాయి. వాటికోసం అన్వేషించడానికి మనదేశం కూడా 2016లో హిందూ మహాసముద్రంలో 10,000 చదరపు కిలోమీటర్లకి ఒప్పందం కుదుర్చుకుంది. వెతకొద్దు అని నేననను, కానీ అక్కడికి వెళ్లే ప్రతి ఓడలో ఖనిజాలు తెలిసినవాళ్లతోపాటు నత్త పళ్లు లెక్కపెట్టడం తెలిసినవాళ్లు ఒకరిద్దరుండాలని మాత్రం గట్టిగా అంటాను.

ప్రశ్న: మా గోదావరి వైపు నత్తల కూర చేస్తాం. ఇది కూడా తినొచ్చా? (రాజోలు)

ఈ ప్రశ్న రాకపోతే నేనే రాసుకునేవాణ్ణి. అది బతికేది హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న నీటిలో, అంటే కుళ్లిన కోడిగుడ్ల వాసన. పక్కనే 300 డిగ్రీలు దాటిన నల్లటి నీరు పొగలా ఎగజిమ్ముతుంటుంది. పెద్దదయ్యేసరికి పెంకు నాలుగున్నర సెంటీమీటర్లు, అంతే. రెండున్నర కిలోమీటర్ల లోతు నుంచి కూరకి సరిపడా తేవాలంటే మీ పొలం అమ్మినా రోబో అద్దెకి చాలదు. అన్నీ అయి ఇంటికి తెచ్చినా, ఆ పొలుసులు గీకేసరికి కత్తిపీట మొండిబారుతుంది.